ఒకే ట్యాంకులో రెండు నీళ్ళు

ప్లంబింగ్ పుస్తకాలు ఏ దేశంలో రాసినా మూడు ఊహలతో మొదలవుతాయి. ఇంటికి వచ్చే నీరు ఒకటే, అది శుభ్రమైనది, తిప్పిన ప్రతిసారీ వస్తుంది. ఆ తర్వాత ఏ పైపు ఎంత లావుండాలి, ఏ గదికి ఎన్ని కొళాయిలు అన్న లెక్కలు నడుస్తాయి. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఈ మూడు ఊహల్లో ఒక్కటీ నిలవదు. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు మండలాల్లో గానీ, ఆత్మకూరు చుట్టుపక్కల గానీ ఒక ఇంట్లో సాధారణంగా రెండు రకాల నీళ్ళుంటాయి. బోరు నీళ్ళు వాడకానికి. పంచాయతీ కొళాయి నీళ్ళో, ప్లాంటు నుంచి తెచ్చిన ఇరవై లీటర్ల క్యానో తాగడానికి. మనుషులు ఈ తేడాను ఏ రోజూ మరిచిపోరు. మంచినీళ్ళ బిందెలో వాడకం నీళ్ళు పోస్తే ఇంట్లో గొడవే. ఆ ఇంటి పైపులకు మాత్రం ఈ పట్టింపు లేదు. అవి రెండు నీళ్ళనూ ఒక్కచోటికి చేర్చి, కలిపి, ఒకే గొట్టంలో కిందికి పంపుతాయి. రెండు నీళ్ళున్న ఇంటికి పునాది నాటి నుంచే రెండు లైన్లుండాలనీ, అందుకయ్యే ఖర్చు జనం అనుకునేదాని కంటే చాలా తక్కువనీ, కలిపినందుకు చెల్లించేది మాత్రం చాలా ఎక్కువనీ ఈ అధ్యాయంలో నా వాదన.

ముందు ఒక మిద్దె ఎక్కి చూద్దాం. ఇటుక దిమ్మె మీద వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. గోడ వెంబడి పైకి వచ్చిన రెండు పైపులు మూతకు జానెడు కింద ఒక ‘టీ’ అతుకు దగ్గర కలుస్తాయి. ఒకటి బోరు మోటారుది, రెండోది సంపులో నిలిచిన కొళాయి నీళ్ళను ఎత్తే చిన్న మోటారుది. టీకి అటూ ఇటూ చెరో గేట్‌వాల్వ్. ఏ నీళ్ళు కావాలంటే ఆ నీళ్ళు ఎక్కించుకోవచ్చని ప్లంబరు చెప్పి బిగించాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఒక వాల్వ్ పిడి ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది, రెండోది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ట్యాంకు అడుగు నుంచి బయలుదేరే పైపు ఒక్కటే. అదే స్నానాల గదికి, అదే మరుగుదొడ్డికి, అదే వంటింటి సింకుకి. ఇందులో పనితనం లోపం ఏమీ లేదు. అతుకులు కారవు, పైపు వంకర పోదు. లోపం గీతలోనే ఉంది.

మనిషికి నీళ్ళు ఎన్ని కావాలి, అందులో మంచినీళ్ళు ఎన్ని? మన ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాలు పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క కట్టి, దాన్ని ఇలా పంచుతాయి: స్నానానికి 55, మరుగుదొడ్డికి 30, బట్టలకు 20, గిన్నెలకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. చివరి రెండూ కలిపితే 10 లీటర్లు. అంటే మొత్తంలో పదమూడో వంతు కంటే కొంచెం తక్కువే. మిగిలిన 125 లీటర్లు ఒంటి మీద, బట్టల మీద, గచ్చు మీద పారి మురుగులోకి పోయేవే. అయిదుగురున్న ఇంటికి రోజుకు 50 లీటర్ల మంచినీళ్ళు చాలు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్కన ఈ ఇంటికి రోజుకు 275 లీటర్లు. వేరుగా పట్టుకుని దాచుకుంటే ఒక్కరోజు వచ్చిన కొళాయి నీళ్ళు అయిదు రోజులు తాగడానికి, వంటకు సరిపోతాయి. రోజు విడిచి రోజు వచ్చినా, వారానికి రెండుసార్లే వచ్చినా ఈ ఇల్లు తట్టుకుంటుంది. అదే నీటిని బోరు నీళ్ళతో కలిపి పెద్ద ట్యాంకులో పోస్తే మర్నాటి మధ్యాహ్నానికి స్నానాల్లో, బట్టల్లో కరిగిపోతుంది. మెట్టలో మంచినీళ్ళు తక్కువన్నది నిజమే. ఉన్న కాసినీ ఎటు పోతున్నాయన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

కలిస్తే నష్టమేమిటి, నీళ్ళు నీళ్ళే కదా అంటారు. బోరు నీటిలో సమస్య ఉప్పదనం ఒక్కటే అయితే నేనూ పెద్దగా పట్టించుకోను. ఉప్పు నాలుకకు తెలుస్తుంది, మనిషి తనంతట తానే మానేస్తాడు. ఇక్కడి అసలు చిక్కు ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, బోరులో దొరికే మోతాదుల్లో రుచీ లేదు. ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వెలువడిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి నెల్లూరు జిల్లా గురించే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి కూడా భాగమే. అవి 1970లో విడిపోయి ప్రకాశం జిల్లాలో చేరాయి. జిల్లా గీత మారినంత మాత్రాన గీత కింది రాయి మారదు. కనిగిరికి ఆనుకునే ఉన్న ఉదయగిరి వైపు బోర్లలోనూ ఫ్లోరైడ్ సమస్య ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు రాళ్ళను నెల్లూరు షిస్టు పట్టీ అంటారు. అందులో పై వరసకు ఉదయగిరి గ్రూపు అనీ, కింది వరసకు వింజమూరు గ్రూపు అనీ పేర్లు పెట్టారు. అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్ వంటి ఖనిజాల్లో కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ ఉంటుంది. రాతి చీలికల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు దాన్ని నెమ్మదిగా కరిగించుకుంటుంది. లోతుకు పోయినకొద్దీ నీరు పాతది, రాతితో దాని సావాసమూ పాతది. బోరు ఇంకో వంద అడుగులు దించితే మంచినీళ్ళు పడతాయన్న ఆశకు ఫ్లోరైడ్ విషయంలో ఆధారం లేదు.

బకెట్‌కు తెల్లటి పొర కడితే చెడ్డ నీళ్ళు, కట్టకపోతే మంచివి అని ఒక ఇంటి పరీక్ష ఉంది. ఇది సగమే నిజం. ఆ పొర కాల్షియం, మెగ్నీషియం లవణాలది. నీరు వేడెక్కినప్పుడు బైకార్బొనేట్ విరిగి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది, అందుకే గీజరు కాయిల్‌కు సున్నం కట్టినట్టు అంత మందాన పడుతుంది. పైపు సందును మూసేది, షవరు కన్నాలను పూడ్చేది, ఆ గేట్‌వాల్వ్‌ను బిగించేది కూడా అదే. కానీ కాల్షియం బాగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండలేదు, రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతాయి. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువైన నీటిలో ఆ అడ్డు ఉండదు. కనుక పప్పు తొందరగా ఉడికించి, సబ్బు నురగ బాగా ఇచ్చి, బకెట్‌కు పొర కట్టని ‘తేలిక’ బోరు నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువుండే అవకాశం ఉంది. నాలుకా, బకెట్టూ చెప్పే సాక్ష్యం ఇక్కడ చెల్లదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే ఆధారం లేనప్పుడు 1.5 దాకా సహిస్తారు. ఆ పైన ఏళ్ళ తరబడి తాగితే ముందు పిల్లల పళ్ళ మీద గోధుమ చారలు, మోతాదు బాగా ఎక్కువైతే నడివయసులో బిగుసుకునే కీళ్ళు. రోహిణికార్తె ఎండల్లో మనిషి తాగే నీళ్ళు పెరుగుతాయి గనుక ఒంట్లోకి చేరే మోతాదూ పెరుగుతుంది.

కాచి తాగుతాం కదా అన్నది మొదటి అభ్యంతరం. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్ చావడానికి ప్రాణి కాదు. ఆవిరైపోయేది నీరు, గిన్నెలో మిగిలేది ఫ్లోరైడ్, కాబట్టి కాచిన నీటిలో దాని సాంద్రత కొంచెం పెరుగుతుంది కూడా. కొవ్వొత్తి ఫిల్టరు దాన్ని ఆపలేదు. రెండో అభ్యంతరం మరింత బలమైనది. తాగడానికి క్యాను తెచ్చుకుంటున్నాం, పైపులో ఏముంటే ఏం? ఇది నిజంగా తాగే గ్లాసుకు సమాధానం, పొయ్యి మీది గిన్నెకు కాదు. చాలా ఇళ్ళలో క్యాను నీళ్ళు గ్లాసులోకే, వంట సింకు కొళాయి నీళ్ళతోనే. ఉడికేటప్పుడు బియ్యం తన బరువుకు దాదాపు రెట్టింపు నీళ్ళు పీల్చుకుంటుంది. గంజి వంచిన రోజుల్లో కొంతైనా బయటికి పోయేది. ఇప్పుడు కుక్కరులో పోసిన ప్రతి చుక్కా మెతుకులోనే ఉంటుంది. పప్పు, చారు, టీ అన్నీ అంతే. తాగే అయిదు లీటర్లను కాపాడి వంట అయిదు లీటర్లను వదిలేస్తే సగం పనే అయింది. వంటింటి కొళాయిలోకి మంచినీళ్ళు రావాలంటే దానికి వేరే పైపు కావలసిందే.

కలపడం వల్ల రెండు నీళ్ళూ సగటున మధ్యస్థంగా మారతాయి కదా, కొంత మేలే కదా అని మరొక వాదన. లెక్క వేసి చూద్దాం. బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములు, కొళాయిలో 0.4 ఫ్లోరైడ్ ఉందనుకుందాం. వెయ్యి లీటర్ల ట్యాంకులో 250 లీటర్ల కొళాయి నీళ్ళూ, 750 లీటర్ల బోరు నీళ్ళూ పడితే వచ్చేది 2.35. బోరు నీళ్ళకు ఒరిగిందేమీ లేదు, మంచినీళ్ళు పోగొట్టుకున్నాం. ఆ మిశ్రమం 1 మిల్లీగ్రాముకు దిగాలంటే ట్యాంకులో మూడు వంతులకు పైగా, దాదాపు 77 శాతం, మంచినీళ్ళే ఉండాలి. అన్ని మంచినీళ్ళుంటే బోరుతో పనేముంది? కల్తీ లెక్క ఎప్పుడూ ఇంతే. చెడు కొద్దిగా కలిస్తే మంచి అంతా చెడుతుంది, మంచి కొద్దిగా కలిస్తే చెడు బాగుపడదు.

ఇక భౌతికశాస్త్రం తెలిసినట్టు వినిపించే అభ్యంతరం ఒకటుంది. చిన్న ట్యాంకు వేరే పెడితే నీళ్ళకు జోరుండదని. పెద్ద ట్యాంకులో బరువు ఎక్కువ గనుక ఒత్తిడీ ఎక్కువని మన మనసుకు సహజంగా తోస్తుంది. కానీ నీటి పీడనం ఎత్తును బట్టే గానీ పరిమాణాన్ని బట్టి ఉండదు. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో, ప్లంబర్ల మాటలో ఒక కేజీ ప్రెషర్. ట్యాంకులో రెండు వందల లీటర్లున్నా, సోమశిల జలాశయమంతా ఉన్నా, నీటి మట్టం కొళాయికి మూడు మీటర్ల పైనుంటే అందేది 0.3 కేజీయే. కనుక పెద్ద ట్యాంకు పక్కన అదే దిమ్మె మీద పెట్టిన మూడు వందల లీటర్ల ట్యాంకు నీళ్ళు అదే జోరుతో దిగుతాయి.

అయినా ధార సన్నగిల్లడం అందరూ చూస్తున్నదే. అది ట్యాంకు తప్పు కాదు, పైపులో రాపిడిది. నీరు ఎంత వేగంగా పారితే రాపిడికి అంత ఎత్తు ఖర్చవుతుంది, ఆ ఖర్చు ప్రవాహానికి దాదాపు వర్గం లెక్కన పెరుగుతుంది. అర అంగుళం నున్నటి ప్లాస్టిక్ పైపు పది మీటర్లు తీసుకుని, నిమిషానికి 6 లీటర్లు పారనిస్తే రాపిడి మింగేది సుమారు 30 సెంటీమీటర్లు. అదే పైపులో 15 లీటర్లు పారాలంటే ఒకటిన్నర మీటర్లకు పైగా పోతుంది. మన చేతిలో ఉన్నదే మూడు మీటర్లు. స్నానాల గది, కమోడ్, సింకు అన్నీ ఒకే అర అంగుళం పైపు మీద బతికే ఇంట్లో ఎవరో బకెట్ తిప్పగానే సింకు ధార దారంలా మారడం ఇందుకే. పైపు వ్యాసం సగం చేసి అదే ప్రవాహం కోరితే నష్టం ముప్పై రెట్లకు దగ్గరగా వెళుతుంది. అందుచేత పైపు లావుకు డబ్బు వెనకాడకూడని చోటు వాడకం లైను. నిమిషానికి ఆరు లీటర్లు చాలే మంచినీళ్ళ లైనుకు అర అంగుళం పైపు దర్జాగా సరిపోతుంది. రెండు లైన్లు చేయడం వల్ల సింకు జోరు తగ్గకపోగా పెరుగుతుంది.

వేరు చేయడం అంటే ట్యాంకు రెండు చేయడంతో అయిపోదు. రెండు లైన్ల మధ్య ఎక్కడా, వాల్వ్ ఉన్నా సరే, అతుకు ఉండకూడదు. వాల్వ్ అనేది మనిషి మీద పెట్టుకున్న నమ్మకం. నమ్మకం తడబడిన రోజున నీరు ఎటు పోతుందో పీడనం నిర్ణయిస్తుంది. ఊళ్ళో కొళాయి కట్టేయగానే వీధి పైపులో పీడనం పడిపోతుంది. పల్లంలో ఎవరో పైపు తెరిస్తే ఎగువ పైపుల్లో పీల్పు పుడుతుంది. ఆ క్షణంలో మీ మిద్దె మీది ట్యాంకు వీధి పైపుకు నేరుగా తగిలి ఉంటే మీ బోరు నీళ్ళు ఊరి మంచినీళ్ళలోకి ప్రయాణం కడతాయి. కొళాయి పైపుకు నేరుగా మోటారు బిగించడం ఇంకా పాపం. మోటారు తన ముందు పీడనాన్ని వాతావరణం కంటే తగ్గిస్తుంది, వీధి మురుగుకాలువ పక్కన కారుతున్న ప్రతి అతుకూ అప్పుడు లోపలికి పీల్చుకునే నోరవుతుంది. పక్కింటికి నీళ్ళు రాకపోవడం దాని కనిపించే ఫలితం, మనింట్లో విరేచనాలు కనిపించని ఫలితం. దీనికి విరుగుడు చాలా చవక. కొళాయి నీరు సంపులోకి గాలిలోంచి పడాలి. పైపు మూతి నీరు పొర్లే మట్టానికి కనీసం పైపు వ్యాసానికి రెండింతలు పైన ఉండాలి. అర అంగుళం పైపుకు ఒక అంగుళం గాలి. నీరు కింది నుంచి గాలిలోకి ఎక్కలేదు గనుక ఈ ఏర్పాటు పాడవదు, తుప్పు పట్టదు, ఎవరూ తిప్పడం మరిచిపోరు.

ఒక ఇంటికి రెండు నీటి లైన్లు ఎక్కడైనా ఉన్నాయా? ఒక నగరం మొత్తానికే ఉన్నాయి. మంచినీళ్ళకు కటకటలాడిన హాంకాంగ్ 1950లలోనే మరుగుదొడ్లకు సముద్రపు నీటిని వేరే పైపుల్లో ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడి జనాభాలో ఎనభై శాతానికి పైగా ఆ నీళ్ళే వాడుతున్నారు. ముప్పై అంతస్తుల భవనాల్లో, ఉప్పు తినేయని పైపులు వెతుక్కుని మరీ చేసిన పని అది. ఒక్క మిద్దె ఇంట్లో ఒక చిన్న ట్యాంకూ, పది పదిహేను మీటర్ల పైపూ కష్టమనడం సరికాదు. వేరు చేయడం ఎంత ముఖ్యమో అదే నగరం మరో రకంగానూ చూపింది. 2003లో సార్స్ వచ్చినప్పుడు అమోయ్ గార్డెన్స్ అనే ఒకే నివాస సముదాయంలో మూడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. స్నానాల గది నేలలో నీరు పోయే ట్రాప్‌లు ఎండిపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని విచారణలో తేలింది. ట్రాప్ వంపులో నిలిచే అయిదు సెంటీమీటర్ల నీరే మురుగు గొట్టపు గాలికీ, ఇంటి గాలికీ మధ్య గోడ. నీళ్ళు పోయకుండా తడిగుడ్డతో తుడుస్తూ వచ్చిన గదుల్లో ఆ గోడ ఆవిరైపోయింది. వేసవిలో తాళం పెట్టి ఊరెళ్ళొచ్చిన ఇంట్లో మురుగు వాసన వస్తే కారణం ఇదే, ప్రతి నేల జాలీలో ఒక చెంబు నీళ్ళు పోస్తే తీరుతుంది.

ఇంతటి తంటా ఎందుకు, సోమశిల నీళ్ళు ఇంటింటికీ వస్తే బోర్లు మూతపడతాయి కదా అన్నది ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట. ఆశ సబబే. ఆత్మకూరు పక్కన అనంతసాగరం మండలంలో పెన్నకు అడ్డంగా కట్టిన సోమశిల జలాశయం నిండితే 78 టీఎంసీలు పడుతుంది. తెలుగుగంగ పథకంలో భాగంగా శ్రీశైలం నుంచి వచ్చిన కృష్ణా నీరు దీని మీదుగానే కండలేరుకూ, అక్కడి నుంచి చెన్నైకీ పోతుంది. చెన్నైకి చేరే నీరు ఉదయగిరికి ఎందుకు చేరదన్న ప్రశ్నకు రాజకీయ సమాధానాలు చాలా ఉన్నాయి. భూమి ఇచ్చే సమాధానం ఒకటే. అటు పల్లం, ఇటు మెట్ట. వాలు ఉంటే నీరు వందల కిలోమీటర్లు ఊరికే నడుస్తుంది, పైకి మాత్రం ప్రతి మీటరుకూ కరెంటు అడుగుతుంది. వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం పావు యూనిటుకు పైచిలుకు, మోటారు నష్టాలు కలిపితే అరయూనిటు దాటుతుంది. ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట మండలాల కోసం తలపెట్టిన సోమశిల హైలెవల్ కాలువకు ఎత్తిపోతలు తప్పకపోవడం అందుకే. పథకాలు పూర్తయి నీళ్ళు వచ్చినా మనిషికి లెక్క 55 లీటర్లు. గొడ్లకు, బట్టలకు, మొక్కలకు బోరు ఉండనే ఉంటుంది, కరెంటు పోయి పంపింగ్ ఆగిన రోజు మొత్తం ఇల్లే బోరు మీద పడుతుంది. మంచినీరు వచ్చిన ఊళ్ళోనే అసలు కలిపేసే ప్రమాదం ఎక్కువ. నది నీరు రాని ఇంట్లో కలపడానికి రెండోది ఉండదు.

ఆర్‌ఓ మిషను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, సందేహం లేదు. కానీ లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది, గట్టి నీళ్ళు తగిలితే దాని పొర త్వరగా పూడుకుపోతుంది. దాన్ని పెట్టుకునేవాళ్ళు మంచినీళ్ళ లైను మీద పెట్టుకుంటే పొరకు పని తగ్గుతుంది. వదిలేసిన నీళ్ళను బట్టలకు, గచ్చుకు మళ్ళించుకోవచ్చు.

బోరు, కొళాయి కాక మూడో ఆధారం ఒకటి ప్రతి మిద్దె మీదా ఉంది, అది వాన. దాని సత్తాకు సాక్ష్యం పక్కనున్న కోటే. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను ముట్టడిస్తే 1514 దాకా అది లొంగలేదు. మూడువేల అడుగుల కొండ మీద గజపతుల సైన్యం అంతకాలం నిలిచిందంటే పైన నీటి నిల్వ ఉండి తీరాలి. అంత ఎత్తుకు ఏ ఏరూ ఎక్కదు కాబట్టి ఆ నీరు వానదే. రాతిలోకి ఇంకి ఏళ్ళు గడపని వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. కోట వాళ్ళకు ఆ రసాయనం తెలియదు, అవసరమూ లేదు. ఇప్పటి లెక్క వేద్దాం. వంద చదరపు మీటర్ల మిద్దె మీద పది సెంటీమీటర్ల వాన పడితే పదివేల లీటర్లు. తొలి వానలో మిద్దె కడిగిన మురికి నీళ్ళు వదిలేసినా, నష్టాలు పోయినా ఎనిమిదివేలు మిగులుతాయి. రోజుకు యాభై లీటర్ల చొప్పున అది అయిదు నెలల పైమాట. నెల్లూరు జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనంతోనే వస్తాయి, ఒక్క వాయుగుండం ఒకటి రెండు రోజుల్లోనే పది సెంటీమీటర్లు కురిపించి పోతుంది. అప్పుడు నింపి, వెలుతురు చొరకుండా మూత బిగించి, తాగే ముందు కాచుకుంటే ఏప్రిల్ దాకా వంటింటికి ఢోకా లేదు. అయితే ఎనిమిదివేల లీటర్ల సంపు కట్టడం చిన్న ఖర్చు కాదు. రెండు వేల లీటర్లతో మొదలుపెట్టినా నలభై రోజులు గడుస్తాయి. ఈ నీరు కూడా పెద్ద ట్యాంకులోకి కాదు, చిన్న ట్యాంకులోకే ఎక్కాలి.

కట్టేసిన ఇళ్ళ మాటేమిటి? గోడలు పగలగొట్టనక్కర లేదు. మిద్దె మీది టీని కోసి, కొళాయి నీళ్ళ పైపును కొత్త చిన్న ట్యాంకుకు తిప్పి, తెగిన రెండో మూతికి శాశ్వతంగా ఎండ్‌క్యాప్ కొట్టాలి. వాల్వ్‌తో సరిపెట్టకూడదు. చిన్న ట్యాంకు నుంచి వంటింటి బయటి గోడ వెంబడి అర అంగుళం పైపు దించి, సింకు మీద రెండో కొళాయి బిగించాలి. పాత కొళాయి గిన్నెలు తోమడానికి ఉంటుంది, చివరి కడుగుడు మాత్రం కొత్త కొళాయి కింద. రెండు కొళాయిలూ ఒకేలా ఉంటే పిల్లలు, చుట్టాలు పొరబడతారు, అందుకని ఒకటి స్టీలుది, ఒకటి ప్లాస్టిక్‌ది పెట్టడం మేలు. మిద్దె మీద మంచినీళ్ళ పైపుకు నీలం రంగు కొడితే తర్వాత ఎప్పుడో వచ్చే ప్లంబరు మళ్ళీ ఒక టీ వేసి రెంటినీ కలిపే ముందు ఒక్కసారి ఆగి అడుగుతాడు.